అరగంట సముద్రం

కోస్ ద్వీపంలో మేము దిగిన హోటలు వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చుంటే ఎదురుగా సముద్రం, దానికి అవతల కొండలు కనిపిస్తాయి. చీకటి పడేసరికి ఆ కొండల కింద ఒక్కొక్కటిగా దీపాలు వెలిగాయి. మా అమ్మ కాసేపు అటే చూసి, "అదే ఊర్రా?" అని అడిగింది.

"ఊరు కాదమ్మా, వేరే దేశం. టర్కీ."

"ఇంత దగ్గరగానా? కార్ల లైట్లు కదలడం కూడా కనబడుతోందిరా! మన ఎదుర్లంక రేవులో నిలబడి యానాం చూసినట్టుందే" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. ఏ కొత్త చోటికి వెళ్ళినా దాన్ని ముందు కోనసీమలో ఎక్కడో ఒకచోట కూర్చోబెడితే గాని మా అమ్మకు స్థిమితం ఉండదు. నయాగరా చూసినప్పుడు ధవళేశ్వరం గుర్తుకొచ్చింది. ఈసారి ఆవిడ పోలిక ఎంత సరిగ్గా కుదిరిందో నాకు మూడు రోజుల తరవాత గాని తెలియలేదు.

ఇది 2024 జూన్ నెల సంగతి. మేరీలాండులో పిల్లల డాక్టరుగా పనిచేస్తున్న నాకు ఒక్కసారైనా కోస్ చూడాలని చాలాకాలంగా కోరిక. కారణం మీరు ఊహించే ఉంటారు. వైద్యానికి తండ్రి అని పేరుపొందిన హిప్పోక్రటీస్ క్రీస్తుపూర్వం 460 ప్రాంతంలో పుట్టింది ఈ ద్వీపంలోనే. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో ఆయన పేరు మీద ఒక ప్రమాణం ఉందని తెలుసు గాని, ఆయన ఊరెక్కడో మాలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు. ఇన్నాళ్ళకు కుదిరింది. మా ఆవిడ కంప్యూటర్ ఇంజనీరు. విమానాలు, హోటళ్ళు చూసుకోవడం ఆవిడ శాఖ. వీసాలు, కాగితాలు నా శాఖ. ఈ పని పంపకం కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పట్నం మధ్యలో హిప్పోక్రటీస్ శిష్యులకు పాఠాలు చెప్పాడనే చెట్టొకటి ఉంది. కాశ్మీరులో చినార్ అంటారే, ఆ జాతి చెట్టు. మొదలంతా డొల్లపడి, కొమ్మలు ఇనప ఊతల మీద ఆని ఉన్నాయి. నిజానికి దాని వయసు అయిదు వందల ఏళ్ళకు అటూ ఇటూ మాత్రమేనట. అంటే ఆయన నీడకి కూర్చున్నది దీని ముత్తాత కింద అయి ఉండాలి. అయినా ఈ చెట్టు కొమ్మ నుంచి పెంచిన మొక్కను 1961లో మా ఊరికి దగ్గరే ఉన్న బెతెస్డాలోని జాతీయ వైద్య గ్రంథాలయం ముందు నాటారు. చెట్టు పక్కనే 1786లో కట్టిన తురుష్కుల కాలపు మసీదు, ఎదురుగా క్రైస్తవ సైనికుల కోట. మా అబ్బాయి పదకొండేళ్ళవాడు, "డాడీ, ఈ ఊరు అసలు ఎవరిది?" అని అడిగాడు. వాడికి చెప్పిన జవాబు మీకూ చెబుతాను, లేకపోతే తరవాతి కథ బోధపడదు.

1523 దాకా కోస్ సెయింట్ జాన్ యోధుల చేతిలో ఉండేది. వాళ్ళే అవతలి ఒడ్డున బోద్రుమ్ కోట కూడా కట్టారు. అంటే ఎదురెదురుగా ఉన్న రెండు కోటలకీ యజమాని ఒకడే. 1522లో సులేమాన్ సుల్తాను రోడ్స్ ద్వీపాన్ని ముట్టడించి గెలవడంతో రెండు ఒడ్లూ తురుష్కులవయ్యాయి. దాదాపు 390 ఏళ్ళు ఇక్కడి రేవు నుంచి అక్కడి రేవుకు వెళ్ళడమంటే ఒక ఊరి నుంచి పక్క ఊరికి వెళ్ళడమే. 1912లో ఇటలీ వచ్చి ఈ ద్వీపాలను పట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1943లో జర్మన్లు, యుద్ధం అయ్యాక బ్రిటిషువాళ్ళు, చివరకు 1947లో గ్రీసు. మా అబ్బాయి అంతా విని, "అయితే చెట్టు ఎక్కడికీ వెళ్ళకుండానే అయిదు దేశాలు తిరిగిందన్నమాట" అన్నాడు. లెక్క కాస్త అటూ ఇటూ అయినా, మాట నాకు నచ్చింది.

ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో కొండవాలున ఉన్న అస్క్లిపియోన్ గురించి ఎంతైనా రాయొచ్చు గాని ఇక్కడ అది నా విషయం కాదు. మూడు అంతస్తులుగా చెక్కిన కొండ మీద వైద్యదేవుడి ఆలయం, దానికి చేర్చి వైద్యశాల. హిప్పోక్రటీస్ పోయిన తరవాత కట్టిందే అయినా అందరూ ఆయన ఆస్పత్రి అనే చెప్పుకుంటారు. అమ్మ మెట్లెక్కి ఆయాసపడుతూ, "ఇది గుడా, ఆస్పత్రా?" అంది. రెండూనమ్మా అన్నాను. "మంచి పని చేశారు. రెండుచోట్లా తిరిగే బాధ తప్పింది" అంది. పైమెట్టు మీద నిలబడితే దేవదారు చెట్ల మీదుగా మళ్ళీ అదే టర్కీ.

మూడోరోజు పొద్దున బోద్రుమ్ వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలని ముందే అనుకున్నాం. కోస్ నుంచి టర్కీ ఒడ్డు దగ్గరి చోట అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పడవలు వెళ్ళే బోద్రుమ్ రేవు మాత్రం ఇరవై కిలోమీటర్లు. కటమరాన్ అయితే అరగంట, పాత రకం ఫెర్రీ అయితే ముప్పావుగంటో గంటో పడుతుంది. వేసవిలో రోజుకి చాలా పడవలున్నాయి. చలికాలంలో బాగా తగ్గిపోతాయి. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే జనమే ఎక్కువ. కటమరాన్ అనే మాట తమిళుల కట్టుమరం నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిందని పిల్లలకు చెప్పాను. "ఎవ్రీథింగ్ ఈజ్ ఫ్రమ్ ఇండియా, డాడీ" అని మా అమ్మాయి కళ్ళు తిప్పింది. ఈ ఒక్కటి నిజంగానే అక్కడిదమ్మా అన్నా నమ్మలేదు.

రెండోరోజు సాయంకాలం టిక్కెట్ల కోసం రేవు దగ్గరి చిన్న ఆఫీసుకి వెళ్ళాం. కౌంటరులో అమ్మాయి అయిదు పాస్‌పోర్టులు తీసుకుని పేర్లు ఎక్కించుకుంటోంది. నాలుగు నీలంవి అయిపోయాయి. అయిదోది మా అమ్మది, మన మూడు సింహాలది. నాన్నగారు పోయాక నాలుగేళ్ళ కిందట అమ్మ మా దగ్గరకు వచ్చింది. గ్రీన్‌కార్డు ఉంది గాని, "పౌరసత్వం మాట ఎత్తకు. మీ నాన్న ఏ దేశంలో పోయారో నేనూ ఆ దేశం మనిషిగానే పోతాను" అంటుంది. ఆ అమ్మాయి పేజీలు తిప్పి, వీసా దగ్గర ఆగి, నా వంక చూసింది.

"ఈ పెద్దావిడ కూడా వస్తున్నారా?"

"అవును. టర్కీ ఇ-వీసా కూడా తీసుకున్నాం" అని కాగితం గర్వంగా తీసి చూపించాను. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్న భారతీయులకు ఆ వెసులుబాటు ఉంది, ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు.

"టర్కీకి వెళ్ళడానికి అడ్డేమీ లేదు సార్. మళ్ళీ గ్రీసులోకి రావడానికే వీల్లేదు" అని వీసా మీద ఒక అంకె చూపించింది. 'ఎన్నిసార్లు ప్రవేశం' అన్నచోట '01' అని ఉంది. ఏథెన్సులో విమానం దిగగానే ఆ ఒక్కటీ ఖర్చయిపోయింది. మర్నాడు ఆ పడవెక్కితే అమ్మ అరగంటలో టర్కీలో ఉంటుంది. సాయంత్రం మేము నలుగురం తిరుగు పడవ ఎక్కుతాం. అమ్మ ఒక్కతే బోద్రుమ్ రేవులో ఉండిపోతుంది.

తప్పెవరిదని మీకు సందేహం అక్కర్లేదు. దరఖాస్తు నింపింది నేనే. ఒకసారా, రెండుసార్లా, చాలాసార్లా అని కాగితంలో స్పష్టంగా అడిగారు. గ్రీసుకి ఒక్కసారే కదా వెళ్ళేది అనుకుని 'ఒకసారి' అన్న గడిలో గీత పెట్టాను. నా చేతిలో నీలం పాస్‌పోర్టు పడి పదేళ్ళు దాటింది. అమెరికా పౌరులకు ఇక్కడ షెంగెన్ వీసా అక్కర్లేదు. 2024 జనవరి నుంచి టర్కీకీ అక్కర్లేకుండా పోయింది. ఒకప్పుడు చెన్నై కాన్సులేటు ముందు తెల్లవారుజామున క్యూలో నిలబడి, ఏ అక్షరం తప్పుపోయిందోనని ప్రతి కాగితమూ నాలుగుసార్లు చూసుకున్న నేను, పదేళ్ళలో అంతా మరిచిపోయాను. మీలో అమ్మానాన్నలను యూరప్ తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ఆ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 'మల్టిపుల్' అని అడగండి, ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు.

హోటలుకి తిరిగొచ్చాక పెద్ద పంచాయతీ అయింది. ప్రయాణం మానేద్దామని నేను. అత్తయ్యగారితో నేనుంటాను, మీరు పిల్లల్ని తీసుకెళ్ళండని మా ఆవిడ. అమ్మ మాత్రం, "నేనేమైనా చంటిపిల్లనా? ఇంత దూరం వచ్చి నా మూలంగా మానుకుంటారా? చక్కగా వెళ్ళి రండి. నాకా గుండ్రాళ్ళ ఒడ్డున కాసేపు కూర్చుంటే పొద్దు పోతుంది" అంది. చివరకు పదిహేనేళ్ళ మా అమ్మాయి తేల్చింది. "ఐ యామ్ స్టేయింగ్ విత్ మామ్మ" అని చెప్పి, నా వైపు తిరిగి, "మామ్మ మనతోనే వచ్చింది కదా డాడీ. మనతోనే వెళ్ళిపోతుంది కదా. మరి వాళ్ళకేం భయం?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇల్లు, ఉద్యోగం, బ్యాంకులో డబ్బు ఉన్నాయని, తిరిగి వెళ్ళిపోతామని రుజువు చేసుకోవడానికే మేమందరం ఒకప్పుడు అన్ని కాగితాలు పోగేశాం. తిరిగి వెళ్ళలేదన్నది వేరే సంగతి.

మర్నాడు మా ఆవిడ, అబ్బాయి, నేను పడవెక్కాం. గ్రీసు వదిలినట్టు ముద్ర వేయించుకోవడానికి ఒక వరస, పడవ ఎక్కడానికి ఇంకో వరస. ఈ రెండింటికీ పట్టిన సేపట్లో అవతలికి వెళ్ళి వచ్చేయొచ్చు. పడవ బయలుదేరింది. రేవు గోడ మీద అమ్మ తెల్ల చీర, పక్కన మా అమ్మాయి ఎర్ర టోపీ కాసేపటి దాకా కనిపించాయి. సగం దూరం వెళ్ళేసరికి పడవ మనిషి ఒకడు గ్రీసు జెండా దించి టర్కీ జెండా ఎగరేశాడు. ఏ దేశపు రేవుకి వెళితే ఆ దేశపు జెండా మర్యాద కోసం కట్టడం ఓడలవాళ్ళ ఆచారం. గీత ఎక్కడుందో చూడాలని మా అబ్బాయి నీళ్ళలోకి వంగి వంగి చూశాడు.

ఆ గీత గురించి ఈ రెండు దేశాలూ 1996 జనవరిలో యుద్ధం అంచుదాకా వెళ్ళాయి. బోద్రుమ్ కొనకీ, కోస్ పక్కనున్న కలిమ్నోస్ ద్వీపానికీ మధ్య మనుషులుండని రెండు రాతిదిబ్బలున్నాయి. గ్రీకులు ఇమియా అంటారు, తురుష్కులు కర్దక్ అంటారు. ఎవరి జెండా అక్కడ ఎగరాలన్న గొడవలో రెండు నౌకాదళాలు ఎదురెదురుగా నిలిచాయి. ఒక గ్రీకు హెలికాప్టరు కూలి ముగ్గురు అధికారులు పోయారు. అమెరికా కలగజేసుకున్నాక ఎవరి ఓడలు వాళ్ళు వెనక్కి తీసుకున్నారు. దిబ్బలు ఇప్పటికీ ఎవరివో తేలలేదు. 2017 జూలై 21 అర్ధరాత్రి దాటాక ఇదే సముద్రం అడుగున 6.6 తీవ్రతతో భూకంపం వచ్చి రెండు ఒడ్లనూ ఒకేసారి కుదిపింది. కోస్ పట్నంలో పోయిన ఇద్దరూ సెలవులకి వచ్చినవాళ్ళే. ఒకరు టర్కీ మనిషి, ఇంకొకరు స్వీడన్ మనిషి.

బోద్రుమ్‌కి పాత పేరు హాలికార్నసస్. చరిత్రకు తండ్రి అనిపించుకున్న హెరొడోటస్ పుట్టిన ఊరు. వైద్యానికి తండ్రి ఆ ఒడ్డున, చరిత్రకు తండ్రి ఈ ఒడ్డున, ఇద్దరూ దాదాపు ఒకే తరం వాళ్ళు. మౌసోలస్ అనే పాలకుడు క్రీస్తుపూర్వం 353లో చనిపోతే ఆయన కోసం ఇక్కడ కట్టిన సమాధి ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. మనం తాజ్‌మహల్‌ని 'మౌసోలియం' అంటామే, ఆ మాట ఈయన పేరు నుంచి వచ్చిందే. ఇప్పుడక్కడ మిగిలింది ఒక పెద్ద గుంట, కొన్ని స్తంభాల ముక్కలు. భూకంపాలకు పడిపోయిన రాళ్ళను కోట కోసం యోధులు పట్టుకుపోయారు, మిగిలిన శిల్పాల్లో మంచివి 1850ల్లో లండను బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి. అమరావతి శిల్పాలు కూడా అక్కడే ఉన్నాయి కాబట్టి ఆ గుంట దగ్గర మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

కోటలో సముద్రగర్భపు పురావస్తుశాల ఒకటుంది. మూడువేల మూడువందల ఏళ్ళ కిందట మునిగిన ఓడలో దొరికిన రాగి దిమ్మలు పదిటన్నుల దాకా ఉన్నాయట. మా అబ్బాయిని అక్కణ్ణించి లాక్కురావడం కష్టమైంది.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో భోజనం చేశాం. నడివయసు యజమాని మేము పొద్దున కోస్ నుంచి వచ్చామని తెలిసి, వాళ్ళ ముత్తవ్వకు గ్రీకు తప్ప తురుష్కం రాదని చెప్పాడు. వాళ్ళు క్రీట్ ద్వీపపు ముస్లిములు. 1923 జనవరి 30న లోజాన్ నగరంలో గ్రీసూ టర్కీ ఒక ఒప్పందం రాసుకున్నాయి. టర్కీలోని గ్రీకు క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లిములు టర్కీకి వెళ్ళిపోవాలి. అంతకుముందే పారిపోయినవాళ్ళతో కలిపి అటు పన్నెండు లక్షల మంది, ఇటు నాలుగు లక్షలకు దగ్గరగా. ఇస్తాంబుల్ గ్రీకులను, పశ్చిమ థ్రేస్ ముస్లిములను మాత్రం మినహాయించారు. ఇష్టమా అని ఎవరినీ అడగలేదు. చూసింది భాష కాదు, మతం. గ్రీకు మాట్లాడే ముస్లిము టర్కీకి, తురుష్కం మాట్లాడే క్రైస్తవుడు గ్రీసుకి. "మా ముత్తవ్వను అక్కడ తురుష్కురాలు పొమ్మన్నారు, ఇక్కడికొస్తే గ్రీకుది వచ్చిందన్నారు" అన్నాడాయన కాఫీ పోస్తూ. ఆ కాఫీ ఇక్కడ టర్కిష్ కాఫీ, నిన్న కోస్‌లో అదే గిన్నెలో అదే పొడితో కాచింది గ్రీక్ కాఫీ. 1974 సైప్రస్ గొడవల తరవాత అక్కడ పేరు మార్చుకున్నారు. రుచిలో నాకు తేడా తెలియలేదు. తెలిసినా ఆ రెండు చోట్లా చెప్పేవాణ్ణి కాదు.

ఇక ఒక విషయం రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. పండగ సంచిక కదా. కానీ పిల్లల డాక్టర్ని, ఆ నీటి మీద ప్రయాణం చేసి అది రాయకుండా ఉండలేను.

2015 సెప్టెంబరు 2 తెల్లవారుజామున ఈ బోద్రుమ్ తీరం నుంచే ఒక చిన్న గాలిపడవ కోస్ వైపు బయలుదేరింది. అందులో సిరియాలోని కొబానీ నుంచి వచ్చిన కుర్దీ కుటుంబం ఉంది. కొద్దిసేపటికే పడవ తిరగబడింది. పసివాడు అలన్, వాడి అన్న గాలిబ్, తల్లి రెహానా మునిగిపోయారు, తండ్రి ఒక్కడే మిగిలాడు. ఎర్ర చొక్కాతో ఒడ్డున బోర్లా పడి ఉన్న ఆ బిడ్డ ఫోటో మీరందరూ చూసే ఉంటారు. ఆ రోజు నేను క్లినిక్‌లో ఉన్నాను. మా అబ్బాయికి అప్పుడు రెండేళ్ళు. ఆ వయసు పిల్లలు నిద్రలో సరిగ్గా అలాగే బోర్లా పడుకుంటారు, పిరుదులు పైకి పెట్టుకుని. తల్లులు అది మామూలేనా అని నన్ను అడుగుతుంటారు కూడా.

ఆ ఏడు సముద్రం మీదుగా గ్రీసు చేరినవాళ్ళు ఎనిమిదిన్నర లక్షల పైచిలుకు. పొద్దున్నే అదే రేవు నుంచి ఫెర్రీలు మామూలుగా తిరుగుతూనే ఉన్నాయి, ఖాళీ సీట్లు కూడా ఉండే ఉంటాయి. దొంగపడవలో సీటుకి వాళ్ళిచ్చిన డబ్బు మా టిక్కెట్టుకి ఎన్నో రెట్లు. మేము ఎక్కిన పడవ వాళ్ళు ఎక్కలేకపోవడానికి కారణం డబ్బు కాదు. 2016 మార్చిలో యూరపుకీ టర్కీకీ ఒప్పందం కుదిరాక రాకపోకలు బాగా తగ్గాయి, ఆగిపోలేదు. తిరుగు పడవలో నేను లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూసి కూర్చున్నాను. మా అబ్బాయి, "అరగంటే కదా డాడీ" అన్నాడు.

కోస్ రేవులో దిగినప్పుడు మా ముందు టర్కీ కుటుంబం ఒకటి నిలబడింది. 2024 వసంతం నుంచి గ్రీసు కొన్ని ద్వీపాల్లో, అందులో కోస్ ఒకటి, టర్కీ వాళ్ళకు ఏడు రోజుల వీసా రేవులోనే ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఇంటి ముసలాయన తన కాగితాలు రెండుచేతులా పట్టుకుని నిలబడ్డ తీరు నాకు బాగా ఎరికైనదే. మా వంతు వచ్చింది, అధికారి నీలం అట్టలు చూసి పేజీ తిప్పి ముద్ర వేశాడు. మొహం కూడా ఎత్తలేదు.

అమ్మ, అమ్మాయి గోడ దగ్గరే ఉన్నారు. "డాడీ, మేము కూడా టర్కీ వెళ్ళొచ్చాం!" అని పరిగెత్తుకొచ్చింది మా అమ్మాయి.

విషయమేమిటంటే, వాళ్ళిద్దరూ టాక్సీ చేసుకుని ప్లతాని అనే పల్లెకి వెళ్ళారు. ఊరికి రెండు మూడు కిలోమీటర్లే, అస్క్లిపియోన్ దారిలో. అక్కడ ఇప్పటికీ తురుష్క భాష మాట్లాడే ముస్లిము కుటుంబాలున్నాయి. లోజాన్ ఒప్పందం రాసేనాటికి కోస్ ఇటలీ చేతిలో ఉండబట్టి ఆ అదలుబదలు లెక్క ఇక్కడి వాళ్ళకు తగల్లేదు. గ్రీసు అయి ఉంటే పడవ ఎక్కించి పంపేసేవారు. భోజనం బల్ల దగ్గర మా అమ్మాయి ఫోనులో ఇదంతా చదివి మామ్మకు తెలుగులో చెప్పిందట. దాని తెలుగు ఆ మాత్రం సాగిందని విని మా ఆవిడ మురిసిపోయింది. అమ్మ ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం, బెండకాయ కూర తిన్నది. బెండకాయని తురుష్కంలో బామ్యా అంటారు, గ్రీకులోనూ దాదాపు అదే మాట. "కారం లేదు గాని జిగురు లేకుండా బాగా చేశాడు" అని ఆవిడ మెచ్చుకుంది.

ఆ పల్లె దగ్గర ముస్లిముల శ్మశానం, యూదుల శ్మశానం ఉన్నాయి. యూదులది చూసి రెండోదాని గురించి మా అమ్మాయి మళ్ళీ వెతికింది. 1944 జూలైలో జర్మన్లు కోస్‌లోని వందమంది దాకా యూదులను, రోడ్స్ ద్వీపంలోని పదిహేడు వందల మంది దాకా యూదులను పడవలు ఎక్కించి ఆష్విట్జ్ పంపేశారు. రోడ్స్‌లో అప్పుడు టర్కీ కాన్సల్‌గా ఉన్న సెలహత్తిన్ ఉల్కుమెన్ అనే యువకుడు వీళ్ళు టర్కీ పౌరులు, వీళ్ళు టర్కీ పౌరుల భార్యలు, పిల్లలు అని వాదించి కొన్ని పదుల మందిని విడిపించాడు. కొందరికి నిజానికి ఆ కాగితాలు లేవు. పెళ్ళాడితే పౌరసత్వం వచ్చేస్తుందని, లేని చట్టం ఒకటి ఉన్నట్టు చెప్పాడట. 1989లో ఇజ్రాయెల్ ఆయనను గౌరవించింది. "హీ లైడ్ అబౌట్ ది పేపర్స్, డాడీ. అండ్ దే లివ్డ్" అంది మా అమ్మాయి. నేనేమీ అనలేదు.

ఆ రాత్రి మళ్ళీ వరండాలో కూర్చున్నాం. అవతల దీపాలు వెలిగాయి. ఉన్నట్టుండి అమ్మ, "మా అమ్మకీ వీసా లాంటి సంగతే అయింది, తెలుసా?" అని మొదలుపెట్టింది. అమ్మమ్మ గురించి నాకు చాలా తెలుసనుకున్నాను, ఇది మాత్రం ఎన్నడూ వినలేదు.

అమ్మమ్మ పెళ్ళి 1943లో, ఆవిడకు పన్నెండేళ్ళప్పుడు. శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేస్తే తండ్రికి జైలు. కాని గౌతమి అవతల యానాం ఫ్రెంచివాళ్ళది, ఆ చట్టం అక్కడ చెల్లదు. గోదావరి జిల్లాల వాళ్ళే కాదు, ఎక్కడెక్కడి వాళ్ళో అక్కడికి వచ్చి పెళ్ళిళ్ళు చేసుకునేవారు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరే పడిపోయింది. 1954లో ఫ్రెంచివాళ్ళు వదిలిపెట్టేదాకా అది వేరే రాజ్యమే.

"తెల్లారుజామున ఎదుర్లంక రేవులో పడవెక్కించారట. పెళ్ళికూతురు, పీటలు, కొబ్బరిబొండాలు, మేళగాళ్ళు, అన్నీ ఒకే పడవలో. అప్పటికి ఆవిడ ఎప్పుడూ గోదావరి దాటలేదు. ఎంతసేపు అని అడిగితే, అరగంట అన్నారట. తాళి కట్టించుకుని మధ్యాహ్నానికి ఇటు వచ్చేసింది. వచ్చేటప్పుడు ఆవిడకు పడవలో నిద్రపట్టేసిందట. ఎవరో ఎత్తుకుని దింపారట."

మా అమ్మాయి అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. అది పదిహేనేళ్ళది. "దేర్ వజ్ ఎ లా, అండ్ దే టుక్ ఎ బోట్?" అంది చివరకు.

"అవునమ్మా. నాటు పడవే."

"తాతమ్మ రానని చెప్పలేదా?"

"ఎవరడిగారు?" అంది అమ్మ. కాసేపాగి, "పోలీసులు ఇటు ఒడ్డున ఉంటే ఉంటారు, అటు ఒడ్డున రారు అని మా తాత ధైర్యం. మంచి చట్టమే, నీళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది" అంది. తరవాత కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ, "నన్ను మాత్రం డిగ్రీ అయ్యేదాకా కదిపితే ఒప్పుకోలేదు మా అమ్మ. నాన్నతో పోట్లాడింది" అని కలిపింది.

మా ఆవిడ లేచి బోద్రుమ్‌లో కొన్న నారింజపళ్ళ మురబ్బా సీసా తెచ్చింది. అక్కడి కమలాపళ్ళు పేరున్నవి. అమ్మ వేలితో కాస్త తీసుకుని నాలుక మీద వేసుకుని, తీపి ఎక్కువైందంది.

మర్నాడు పొద్దున సామాన్లు సర్దుతుంటే అమ్మ ఫోను టింగుమంది. "చూడరా, ఇంగ్లీషులో ఏదో వచ్చింది, డబ్బులేమైనా కట్టమంటున్నారా?" అని నా చేతికిచ్చింది. సముద్రం వైపు గదుల్లో కూర్చుంటే ఫోనుకి ఒక్కోసారి అవతలి ఒడ్డు టవరు తగులుతుంది.

"టర్కీకి స్వాగతం అని రాశారమ్మా" అన్నాను.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫోను దగ్గరగా పట్టుకుని చూసుకుంది. "పోనీలే, ఇదైనా వెళ్ళొచ్చింది" అని దాన్ని చేతిసంచిలో వేసుకుంది.